తడి చెక్క మీద రంగు నిలవదు



ఈ వారం వీడియోలో నా వెనక షెల్ఫ్‌లో కనిపించిన దశావతారాల బొమ్మలు కొండపల్లివి. అవి కొన్న రోజు సంగతి కెమెరా ముందు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

విజయవాడ దగ్గర కొండపల్లిలో ఈ బొమ్మల్ని తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలీదు. మెత్తన కాబట్టి ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కానీ పచ్చి చెక్కలో తడి ఉంటుంది. అందుకే ముందు సన్నటి సెగ మీద ఆరబెడతారు. తర్వాతే చెక్కడం. చేతులు, తలలు విడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సున్నం పూత, చివరికి రంగులు.

"నేరుగా రంగేస్తే ఏమవుతుందండీ?" అని అక్కడో పెద్దాయన్ని అడిగాను.

"లోపల తడి ఉంటే పైన ఎంత రంగేసినా నిలవదు బాబూ. చెక్క పగిలిపోద్ది."

ఆ మాట నాకే తగిలింది. అంతకుముందు వారం నేను చేసిన డిప్లాయ్‌మెంట్ వల్ల ప్రొడక్షన్ రెండు గంటలు డౌన్ అయింది. మీటింగ్‌లో నేను నోరు విప్పలేదు. నింద కొత్తగా చేరిన జూనియర్ మీదికి పోయింది. మర్నాడు పొద్దున్నే ఏమీ జరగనట్టు బొట్టు పెట్టుకుని విష్ణు సహస్రనామం చదివాను. తడి చెక్క మీద రంగు!

గీత 16వ అధ్యాయం మొదటి శ్లోకంలో కృష్ణుడు దైవీ గుణాలు చెబుతూ తపస్సు అంటాడు, ఆ వెంటనే ఆర్జవం అంటాడు. తపస్సు అన్న మాటకి మూలం వేడి. ఆర్జవం అంటే వంకర లేకపోవడం, లోపలొకటి బయటొకటి ఉండకపోవడం.

నా వంతు సెగ ఒక ఈమెయిల్. "తప్పు నాది" అని టైప్ చేసి, సెండ్ నొక్కడానికి అరగంట పట్టింది. తర్వాత ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. "పర్లేదన్నా" అన్నాడు కానీ, గొంతులో మునుపటి చనువు లేదు. ఆ ఏడు నా రేటింగ్ కూడా తగ్గింది. బాధేసింది. అయినా ఆ రాత్రి దీపం ముందు తల వంచుకోకుండా కూర్చోగలిగాను.

చెక్క మెత్తగా ఉండటం దాని తప్పు కాదు. ఆ మెత్తదనం వల్లే అది రాముడవుతుంది, కృష్ణుడవుతుంది. మన మనసూ అంతే. తడి మాత్రం పోవాలి.

వచ్చే ఏకాదశికి ఉపవాసం ఉన్నా లేకపోయినా, ఒక్క ఫోన్ చేయండి. ఎవరికో మీకు తెలుసు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.