ఇవ్వనిది తీసుకోవడం: చార్మినార్ వీధుల్లో కెమెరా



పంచశీలలో రెండోది మనకి తేలిగ్గా కనిపిస్తుంది. దొంగతనం చెయ్యను అని పలికి ముందుకి పోతాం. మనం జేబులు కొట్టేవాళ్ళం కాదు, తాళాలు పగలగొట్టేవాళ్ళం కాదు. కానీ పాళిలో ఉన్న మాట అదిన్నాదానం. దాని అర్థం ఇవ్వనిది తీసుకోవడం. ఇది దొంగతనం కన్నా చాలా పెద్ద మాట. ఎంత పెద్దదో తెలియాలంటే ఒక ఆదివారం పగటిపూట చార్మినార్ దగ్గర గంటసేపు నిలబడితే చాలు.

1591లో కట్టిన ఆ కట్టడం చుట్టూ ఇప్పుడు కెమెరాలే. పెళ్ళి కుదిరిన జంటలు, మోడలింగ్ ఆల్బమ్ కావాలనుకునే కుర్రాళ్ళు వస్తుంటారు. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిన పడితే కళ్ళ కింద నల్లటి నీడలు దిగుతాయి. అందుకని ఫోటోగ్రాఫర్లు పత్తర్‌గట్టి రాతి వరండాల నీడలోకో, లాడ్ బజార్ గాజుల దుకాణాల ముందుకో జరుగుతారు. ఒకడు రిఫ్లెక్టర్ పట్టుకుంటాడు, ఇంకొకడు వచ్చేపోయే జనాన్ని ఆపుతాడు. (ఆ ఎండలో పట్టుచీర కట్టుకుని గంటసేపు నవ్వడం కూడా చిన్న తపస్సేమీ కాదు.) ఈ పనిలో మన బస్తీ పిల్లలూ ఉన్నారు. మంచి పనే. చేతిలో విద్య, కష్టానికి తగ్గ కూలీ. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

నేను అడిగేది జంట వెనకాల ఉన్న మనిషి గురించి. మసకగా ఒక తోపుడుబండి, పండ్లమ్మే ముసలాయన. ఆయన ఉంటేనే ఫోటోకి పాతబస్తీ కళ వస్తుంది. ఆయన్ని మాత్రం ఎవరూ అడగరు. పైగా షూటింగు అయ్యేదాకా బండి ముందుకి బేరం రాదు. మొహం ఇవ్వలేదు, అరగంట బేరమూ ఇవ్వలేదు. రెండూ తీసుకున్నాం.

"నడివీధిలో ఫోటో తీస్తే తప్పేంటి? పోలీసులు పట్టుకుంటారా?" అంటారు. పట్టుకోరు. కానీ శీలం మనం పోలీసులకి భయపడి పుచ్చుకున్నది కాదు కదా. బుద్ధుడు కర్మని చేతనలో చూడమన్నాడు. అంటే ఏ ఉద్దేశంతో చేశామో చూసుకోవాలి. వీధంతా తీస్తే వందమంది పడతారు. అందులో ఎవర్నీ ఏరుకోలేదు, నా దృష్టిలో అది అదిన్నాదానం కాదు. లెన్సు తిప్పి ఆ వందమందిలో ఒక్కణ్ణి, ముడతల మొహం, చిరిగిన బనియన్ ఉన్నవాణ్ణి ఏరుకుంటే? ఎందుకు ఏరుకున్నాం? ఆయన పేదరికం ఫోటోలో బాగుంటుందని. కారు దిగిన సేటు మొహం మీదికి అడక్కుండా అదే లెన్సు తిప్పుతామా?

ఈ హెచ్చుతగ్గు మనకి కొత్తది కాదు. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చేసింది. ఫోటోల్లోని మనుషుల్ని కులాలుగా, తెగలుగా చూపించింది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ఫోటోలు తియ్యడమే కాదు, మనుషుల తలలు, ముక్కులు కూడా కొలిచాడు. ఆ పుస్తకాల్లో మన తాతముత్తాతలు నమూనాలు. అదే కాలంలో మన హైదరాబాద్‌లో ఏం జరిగింది? ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో పర్దా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచాడు. ఆడవాళ్ళని తియ్యడానికి ఒక ఆంగ్ల మహిళని పెట్టాడు. అంటే మనిషి ఇష్టం కనుక్కుని, మర్యాద చెడకుండా ఫోటో తియ్యడం అప్పటికే తెలుసు. ఆ మర్యాద ఎవరికి దక్కిందన్నదే తేడా.

ఇక మన ఇంటి గోడ చూడండి. బాబాసాహెబ్ ఫోటో. సూటు, టై, కళ్ళద్దాలు. పేదల నాయకుడికి సూటెందుకని ఎకసెక్కం చేసినవాళ్ళున్నారు. తాను లోకానికి ఎలా కనబడాలో ఆయనే నిర్ణయించుకున్నాడు, వాళ్ళకి మింగుడుపడనిది అదే. ఆ పక్కనే నాయనమ్మ ఫోటో ఉంటుంది. బతికుండగా ఒక్కటీ తియ్యలేదు. పోయాక రేషన్ కార్డు మీది బొమ్మని పెద్దది చేయించి దండేశాం. కళ్ళు అలికినట్టుంటాయి. మంచి ఫోటో అంటే ఏమిటో మనకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?

అందుకే అడగాలి. "చాచా, ఒక ఫోటో తీసుకోనా?" వద్దంటే కెమెరా దించాలి. చిన్నపిల్లలైతే తల్లిని అడగాలి. గాజులకి రాళ్ళు అతికేవాళ్ళని పని మధ్యలో కదిలించకూడదు, లక్క చల్లారితే రాయి పట్టదు. కాసేపు ఆగి అడగాలి. గిరాకీ ముందు మొహమాటపడి నవ్విన నవ్వుని ఒప్పుకోలు కింద లెక్కెయ్యకూడదు.

"అడిగితే సహజత్వం పోతుంది" అని ఫోటోగ్రాఫర్ల బాధ. నిజమే, పోతుంది. అడగ్గానే చాచా టోపీ సర్దుకుంటాడు, చొక్కా గుండీ పెట్టుకుంటాడు, నిటారుగా కూచుని బిగుసుకుపోతాడు. ఫోటోగ్రాఫర్‌కి అది నచ్చదు. కానీ చాచా ఇచ్చింది ఆ మొహాన్నే. అంతకుముందుది మనం తీసుకున్నది.

చేతిలో పది రూపాయలు పెట్టి వచ్చేస్తే సరిపోతుందా? నాకు నమ్మకం లేదు, అది పేదగా కనబడినందుకు ఇచ్చిన కూలీలా ఉంటుంది. ఒక ప్రింటు తీయించి, వచ్చే ఆదివారం బండి దగ్గరికి తీసుకెళ్ళి ఇవ్వడం మేలు. ఖర్చు పెద్దగా ఉండదు, పెళ్ళిజంట బిల్లులోనే కలుపుకోవచ్చు. సైజు మాత్రం ఆయన్నే అడగండి, ఇంట్లో గోడకి పెట్టుకుంటాడో, జేబులో పెట్టుకుంటాడో.