జంటగా వెళ్తేనే

పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయానికి 2016లో కృష్ణా నీళ్లొచ్చాయి. ఆ హంద్రీ-నీవా కాలువ చూద్దామని మా ఆయనతో వెళ్ళి, ధర్మవరంలో ఒక రాత్రి ఆగాను. లాడ్జిలో ఎవరూ ఏమీ అడగలేదు. మగ్గం చూడబోతే, కండెలు చుడుతున్న ఇంటామె లేచి ఉగ్గాని చేసింది. "తినక్కా, ఎండన పడొచ్చినావు" అంది. ఎంత మంచి ఊరనుకున్నాను!

అంతకుముందు పరిశోధన పని మీద హిందూపురం ఒంటరిగా వెళ్ళినప్పుడు, ఒక లాడ్జిలో "ఒంటరి ఆడవాళ్ళకి గది ఇవ్వం మేడమ్" అన్నారు. నా డాక్టరేట్ అక్కరకు రాలేదు. మరి ధర్మవరం లాడ్జి తలుపు తీసింది నాకా, నా పక్కనున్న మగమనిషికా?

ఇంటామె మాత్రం నన్నే చూసి పిలిచింది. కూలి చీరకే లెక్క, కండెలకు వేరే లెక్క లేదు. మాకోసం పోయిన ఆ గంట ఏ ఖాతాలోది? డబ్బివ్వబోతే ఆమె ముఖం చిన్నబోయింది.