కొత్త మామిడి

మా ఇంట్లో నమ్మకాలు రెండు, పొయ్యి ఒకటే. మేమూ పిల్లలూ ఆదివారం ప్రార్థన మందిరానికి పోతాం. అమ్మ కొండదేవతకు మొక్కుతుంది.

ఒక వేసవిలో మా చిన్నోడు రాలిన మామిడికాయ కొరికాడు. ఊళ్లో ఇంకా కొత్త పండగ కాలేదు. అమ్మ కంటతడి పెట్టింది. "మనకు ఆ కట్టుబాటు లేదు" అనబోయి ఆగాం. బడిలో పాఠాలు చెప్పే మాకు ఆ రాత్రి జవాబు దొరకలేదు.

విశ్వాసమంటే తినే స్వేచ్ఛా, ఆగే ప్రేమా?

విగ్రహాలకు పెట్టిన తిండి గురించి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో చెప్పాడు: తన తిండి తోటివాడికి అడ్డమైతే తాను తినడు. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో తొలిపంటను గంపలో పెట్టి దేవుని ముందుకు తెమ్మని ఉంది. కొత్తది దొరికిన వెంటనే నోట్లో వేసుకోకూడదని మా పెద్దలకూ తెలుసు.

పండగ దాకా మేమెవరం మామిడి ముట్టలేదు. ఇది రాజీపడటమేనని సంఘంలో కొందరన్నారు. మేం కాదంటాం. మొక్కు అమ్మది, ప్రార్థన మాది, ఎదురుచూపు అందరిదీ.

పండగ నాడు తొలి ముక్క అమ్మే చిన్నోడికి తినిపించింది. పుల్లగా ఉందని వాడు ముఖం చిట్లిస్తే ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వుకు కూడా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం.