విశ్వామిత్రుడు అడిగిన ప్రశ్న

ఉగాది నాటి పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాల దాకా జనం తేలిగ్గానే వింటారు. రాజపూజ్యం, అవమానం అంకెలు వచ్చేసరికి గుడి మండపంలో గుసగుసలు మొదలవుతాయి. ‘మన రాశికి అవమానం ఆరట, పూజ్యం ఒకటేనట’ అనుకుంటూ ఆ దిగులును ప్రసాదంతో పాటు ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు కొందరు. దానికి తోడు 2026 మార్చి 19న మొదలయ్యే ఏడాది పేరే పరాభవ. అరవై ఏళ్లకోసారి దాని వంతు వస్తుంది, అంతే. 1966లోనూ వచ్చింది. ఆ ఏడాదీ పెళ్లిళ్లు జరిగాయి, పిల్లలు పుట్టారు.

గ్రహాల సంగతి ఇంత శ్రద్ధగా వింటాం కదా, అదే పూట మూలగదిలో తలుపేసుకున్న పిల్లవాడి సంగతి ఎందుకు వినం? ‘పండగ పూట ఆ మొహమేంట్రా, లేచి తలంటుకో, అన్నీ అవే సర్దుకుంటాయి’ అనేసి వంటింట్లోకి వెళ్లిపోతాం. వేపపువ్వు పచ్చడి చేతికిచ్చి, జీవితంలో చేదు కూడా ఉంటుందని చెప్పేదీ మనమే.

యోగవాసిష్ఠం మొదలయ్యేదే ఇలాంటి ఒక ఇంట్లో. పదహారేళ్లైనా నిండని రాముడు తీర్థయాత్రలు చేసి తిరిగొచ్చాడు. కొన్నాళ్లకు మనిషి చిక్కిపోయాడు. చెంపకు చెయ్యి ఆనించుకుని ఒంటరిగా కూర్చుంటున్నాడు. తిండి మీద, నగల మీద, ఆటల మీద ధ్యాస లేదు. పరిచారకులు పదే పదే బతిమాలితే తప్ప నిత్యకృత్యాలకు లేవడం లేదు. దశరథుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏమైంది నాయనా అని అడిగాడు. ఏమీ లేదన్నాడు కొడుకు. మన ఇళ్లలో రోజూ వినిపించే జవాబే అది.

యాగరక్షణకు రాముణ్ని పంపమని అడగడానికి వచ్చిన విశ్వామిత్రుడు ఈ కబురు విన్నాడు. ఆయనకు రాముడితో పని ఉంది, అదీ తొందర పని. అయినా ముందు ఆ పిల్లవాణ్ని పిలిపించమన్నాడు. పిలిపించి, ఎలుకలు ఇంటిని తొలిచినట్టు నీ మనసును తొలుస్తున్న బాధలు ఏమిటి, ఎన్ని, ఏ కారణంగా పుట్టాయి అని ఆరా తీశాడు. ‘రాజకుమారుడివి, నీకేం తక్కువ?’ అనలేదు. అనుభవమున్న వైద్యుడు అడిగే తీరు ఇది.

అప్పుడు నోరు విప్పాడు రాముడు. సంపద మీద, ఆయుష్షు మీద, బాల్యం, యౌవనం, ముసలితనం మీద తన అసంతృప్తినంతా సర్గల తరబడి చెప్పుకుపోయాడు. మధ్యలో ఎవరూ అడ్డు తగల్లేదు. ఆ సభ విన్న తీరును గ్రంథకర్త ఎంత ముచ్చటగా రాశాడో చూడండి. వసిష్ఠుడు, మంత్రులు, సామంతులు సరే, గుర్రాలు మేత నమలడం మానేశాయి, పంజరాల్లో పక్షులు కదల్లేదు, గవాక్షాల దగ్గర కౌసల్యాదుల నగలు సవ్వడి చెయ్యలేదు. అంత విన్నాకే వసిష్ఠుడి బోధ. మనమైతే బోధతోనే మొదలుపెడతాం. ధ్యానం చెయ్యి, పాజిటివ్‌గా ఉండు, ఫలానా స్తోత్రం చదువు అంటాం. సలహా మంచిదే కావచ్చు, వేళ కాదు.

రాముడిది రోగం కాదు, వైరాగ్యం అంటారు పెద్దలు. నిజమే, విశ్వామిత్రుడూ దాన్ని వివేకంగానే గుర్తించాడు. పరిచారకులు చెప్పింది వినగానే గుర్తించాడు కూడా. అయినా రాముణ్ని పిలిపించి అడక్కుండా వదల్లేదు. అంతటి ఋషే అడిగి విన్నప్పుడు, వినకుండానే ఏది వైరాగ్యమో, ఏది వైద్యం కావలసిన కుంగుబాటో తేల్చడం మనకెలా సాధ్యం? నిద్ర, ఆకలి చెడి, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి, అది రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాల్సిందే.

అలా చూపిస్తే భక్తి తక్కువైనట్టు కొందరు మాట్లాడతారు. ఆ మాటకు శాస్త్రంలో ఆధారం లేదు. చరక సంహిత చికిత్సను మూడు విధాలుగా చెప్పింది. జపం, హోమం వంటివి దైవవ్యపాశ్రయం. ఔషధం, ఆహారం యుక్తివ్యపాశ్రయం. కీడు చేసే విషయాల నుంచి మనసును మళ్లించడం సత్త్వావజయం. మూడూ ఒకే వరుసలో ఉన్నాయి. మాత్ర వేసుకున్న చేత్తోనే దీపం పెట్టుకోవచ్చు. రామనామం మొదలుపెట్టామని డాక్టరును అడక్కుండా మాత్ర మానేయడం మాత్రం ప్రమాదం.

ఇంకో సంగతి. మన ఉగాది పరీక్షల కాలంలో వస్తుంది. పది, ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో రాశిఫలం చదవగానే ‘నీకు విద్యాస్థానం బాగోలేదట’ అని పిల్లల ముందే అనేస్తుంటారు. ఈసారి ఆ పేజీ వాళ్ల ముందు తెరవకండి. రాత్రి పక్కన కూర్చుని విశ్వామిత్రుడి ప్రశ్న అడగండి. జవాబు రాకపోతే మర్నాడు మళ్లీ అడగండి, కానీ నిలదీయకండి.

ఇంట్లోవాళ్లతో చెప్పుకోలేని వాళ్లకు, ఏం చెయ్యాలో తోచని తల్లిదండ్రులకు టెలి మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన ఉచిత సేవ అది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, పగలైనా రాత్రైనా. ‘బతకాలని లేదు’ అన్న మాట గనక నోట వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు దగ్గరలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. పండగ పూట ఆసుపత్రి గుమ్మం ఏమిటని ఆగనక్కర్లేదు, వర్జ్యం చూసుకోనక్కర్లేదు.