కాలువకు నీళ్లు వదిలినట్టు

నందిపేట్‌లో ఒక ముసలాయన ఉండేవాడు. కాకతీయ కాలువ మీద నీళ్లు చూసుకునే లష్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన మనవడు పసుపు బస్తాను అవలీలగా భుజానికెత్తుకునే మొనగాడు. ఆర్మూరు సిద్ధులగుట్టను ఎక్కడా ఆగకుండా ఎక్కేవాడు. అట్లాంటివాడికి హిమాలయాల మీద మనసు పడింది. దోస్తును వెంటేసుకుని సిక్కింలోని జోంగ్రీకి బయల్దేరాడు.

“మన జిల్లా పాకాల పిల్ల, మాలావత్ పూర్ణ, పదమూడేండ్లకే ఎవరెస్టు ఎక్కింది తాతా. నాకు జోంగ్రీ ఎంత?” అన్నాడు.

“2014 మే 25న ఎక్కింది. గది అందరికీ యాదికున్నది. అంతకుముందు భువనగిరి బండ మీద, డార్జిలింగ్‌ల, లడాఖ్‌ల ఎన్ని దినాలు కష్టపడ్డదో ఎన్నడన్న లెక్కపెట్టినవా బిడ్డా?”

మనవడు నవ్వేసి సంచి సర్దుకున్నాడు.

న్యూ జల్పాయిగురిలో రైలు దిగాక ఇద్దరి దారులూ వేరయ్యాయి. దోస్తు డార్జిలింగ్‌లో ఆగిపోయాడు. టెన్జింగ్ నార్గే శిక్షణ ఇచ్చిన పర్వతారోహణ సంస్థను చూశాడు. 7,407 అడుగుల ఎత్తున్న ఘుమ్ స్టేషన్ దాకా సంచి మోసుకుంటూ నడిచాడు. తేయాకు తోటల్లో తిరిగాడు. “టూరుకొచ్చినవా, ట్రెక్కుకొచ్చినవా?” అని మనవడు ఫోన్లో ఎగతాళి చేశాడు. తాను మాత్రం నేరుగా యుక్సోం చేరి, తెల్లారే నడక మొదలుపెట్టి, రెండో రోజు సాయంత్రానికే జోంగ్రీలో ఉన్నాడు.

మన పోచంపాడు ప్రాజెక్టు నిండుమట్టం 1,091 అడుగులు. ఆ మట్టానికి అలవాటుపడ్డ ఒళ్లు సుమారు 13,000 అడుగుల మీదికొచ్చింది. ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మన ఊళ్లో అందేదాంట్లో మూడింట రెండొంతులు కూడా ఉండదక్కడ. అర్ధరాత్రికి తల పగిలిపోయేంత నొప్పి, ఆగని వాంతులు. బస్తాలెత్తిన భుజాలు ఎందుకూ పనికిరాలేదు. గైడు ఇంకేమీ ఆలోచించకుండా లాంతరు పట్టుకుని అతన్ని కిందికి దించాడు. దారిలో కిందున్న షోకా చేరేసరికి నొప్పి సగం తగ్గింది.

షోకాలో అప్పుడే పైకొస్తున్న దోస్తు ఎదురయ్యాడు. పగలు కొంత పైకెక్కి, రాత్రికి మళ్లీ దిగొచ్చి పడుకుంటూ అతను అక్కడే రెండు రాత్రులు గడిపాడు. ఆ తర్వాత నింపాదిగా ఎక్కి, జోంగ్రీ మీద నుంచి పొద్దుటి ఎండలో కాంచన్‌జంగాను చూసొచ్చాడు.

వానాకాలం పంటకు నీళ్లు వదిలే రోజు తాత మనవణ్ని పోచంపాడుకు తీసుకుపోయాడు. గేటు కొంచెమే లేపారు. కాలువ అడుగున సన్నగా నీళ్లు పారుతున్నాయి.

“ప్రాజెక్టు నిండుగ ఉన్నది గద తాతా! ఒక్కపారే వదలొచ్చు గద?”

“ఎండకాలమంత ఎండి పగుళ్లిచ్చిన కట్టరా అది. ముందుగాల తడవాలె. ఇయ్యాల కొంచెం, రేపు ఇంకొంచెం పెంచుకుంట పోవాలె. ఒక్కపారి వదిలితే గండి పడుతది. గా తప్పు నీళ్లది గాదు, కట్టది గాదు. గేటు లేపినోనిది.”

మనవడు చాలాసేపు నీళ్లకేసి చూశాడు. తర్వాత తల తడుముకుంటూ అన్నాడు: “జోంగ్రీల నాకు పడ్డది గండే తాతా.”

నీతి: బలముంటే కొండ ఎక్కొచ్చు, కానీ ఎత్తు ఒంటికి పట్టాలంటే రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దనేది అందుకే. కొండ కింద తిరిగిన రోజులు వృథా కావు. కట్ట తడిసేది అప్పుడే.