గంట విప్పేశాక...

వట్టిపోయిన ఆవుని అమ్మేటప్పుడు నుదుట బొట్టు పెట్టి, మెడలో గంట మాత్రం విప్పి దాచుకునే ఇల్లాళ్ళున్నారు. గడ్డి కొనలేక అమ్ముకోవడం తప్పని ఎవరంటారు? ఆ కష్టం పేడ ఎత్తిన చేతికే తెలుసు. నా సందేహమల్లా ఆ తరువాతి సంగతి. డబ్బు చేతిలో పడగానే ఆ మూగజీవితో మన ఋణం తీరిపోయినట్టేనా?

ఒరిస్సా దాటి పురుషోత్తపురం దగ్గర మన రాష్ట్రంలోకొచ్చే జాతీయ రహదారి ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి మీదుగా సాగిపోతుంది. ఆ దారిన లారీల్లో కుక్కి తీసుకుపోతున్న పశువుల్ని పోలీసులు పట్టుకున్నారన్న వార్తలు మనకి కొత్త కాదు. చట్టం లేదా అంటే, నిక్షేపంలా ఉంది! 1978 నాటి నియమాల ప్రకారం సరుకుల లారీలో ఆరు పశువులకి మించి ఎక్కించకూడదు. మేత, నీళ్ళు, వెంట మనిషీ ఉండాలి. మరి 1960 చట్టం మొదటి తప్పుకి పెట్టిన జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నించి యాభై దాకా!

2017లో ఆస్ట్రేలియా నించి గల్ఫ్‌కి వెళ్ళిన ఓడలో సుమారు 2,400 గొర్రెలు వేడికి తాళలేక చచ్చిపోయాయి. మరుసటి ఏడు ఆ దృశ్యాలు టీవీలో చూసి జనం నిలదీశారు. 2028 మే నించి గొర్రెల్ని ప్రాణాలతో ఓడ ఎక్కించకూడదని 2024లో ఆ దేశం చట్టం చేసింది. మన దేశంలోనూ జీవాల ఎగుమతికి వీలిచ్చే ముసాయిదా బిల్లుని, నలుగురూ గొంతెత్తితే, 2023 జూన్‌లో వెనక్కి తీసుకున్నారు.

"ఎలాగూ చచ్చేదే కదా, దారిలో ఎలా పోతేనేం?" అంటారు కొందరు. ఎలాగూ పోయేవాళ్ళమే కదా మనమూ! అయినా మంచాన పడ్డవాళ్ళ గొంతులో గుక్కెడు నీళ్ళు పోస్తాం. చావు తప్పదు గానీ, దప్పిక తప్పించవచ్చుగా?

"మాంసం తినని మాకేం?" అనకండి. పొద్దుటి కాఫీలో పాలు కావాలంటే ఆవు ఈనాలి. పుట్టిన కోడెదూడా, వట్టిపోయిన తల్లీ ఎక్కడికి పోతాయి? అలాగని లారీ ఆపి డ్రైవర్ని చావబాదడం దయ కాదు, అదింకో క్రూరత్వం. అతనూ కూలికి వచ్చినవాడే.

బేరం కుదిరి, బయానా అందుకునే ముందు అమ్మేవాళ్ళు ఒక్క మాట అడగొచ్చు: "ఏ బండిలో తీసుకెళ్తావు నాయనా? అందులో ఎన్ని ఎక్కిస్తావు?" అతను జవాబు చెప్పకుండా నోట్లు లెక్కపెడుతూ ఉంటే, ఆ గంట ఇంకా విప్పకండి.