అరిగిన ముల్లు - కాయకధర్మము

మహేంద్రగిరి నీడలోని మందస నుండి పలాస, టెక్కలి వరకును, ఇటు ఉద్దానపు కొబ్బరితోటల వరకును ఒకప్పుడు పెండ్లికైనను శివరాత్రి జాగరణకైనను మైకు సెట్టు రావలసినదే. రికార్డుల పెట్టె బండిమీద దిగెడిది. పందిరి మూల బల్లపై యంత్రము తెల్లవార్లు తిరిగెడిది. ముల్లు ఎప్పుడు మార్చితివని మైకువానిని అడిగినవారు అరుదు. పాట వినబడుచున్నది కదా, ముల్లు బాగుగనే యున్నదని అందరి నిశ్చయము. అటకమీది పాత యంత్రమును దించి మరల తిప్పుచున్న నేటి గృహస్థుల నిశ్చయమును అదియే. ఇది ధర్మసమ్మతమా యనునది ఇచట విచార్యము.

రికార్డుపై గాయకుని స్వరము గాడి రూపమున నుండును. 1948లో వెలువడిన ఎల్‌పీ రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. దాని గాడిలో నడచు ముల్లు కొన వజ్రముతోనో కృత్రిమ నీలమణితోనో చేయబడును. గుండ్రని కొన వ్యాసార్ధము సుమారు 18 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో యాబదియైదవ వంతు. మోపిన బరువు రెండు మూడు గ్రాములే యైనను అంత సూక్ష్మస్థానమున పడుటచే ఒత్తిడి అపారము. వజ్రపు కొన సామాన్యముగ 500 నుండి 1000 గంటలు నిలుచునందురు. నీలమణి అంతకు చాల ముందే అరుగును. గాడిలో ధూళి యున్నచో గడువు ఇంకను తగ్గును.

అరుగుట యనగా మొద్దుబారుట మాత్రమే కాదు. కొనకు ఇరుప్రక్కల చదునులేర్పడి వాని అంచులు ఉలివలె వాడిదేరును. నాటినుండి చదువవలసిన ముల్లు వ్రాయ మొదలిడును. గాడి గోడలను చెక్కివేయును. ముందుగ హెచ్చుస్థాయి స్వరముల స్పష్టత పోవును; పిదప బరబర ధ్వని మిగులును. ఈ మార్పు దినదినమును రవ్వంతగ జరుగుటచే చెవి దానికి అలవాటు పడిపోవును. ఈ విషయమున లక్కరికార్డుల కాలపువారే మేలు. వారి ఉక్కుముల్లు ఒక్కొక్క ప్రక్కకు ఒకటి చొప్పున మార్చవలసినది, రేకుడబ్బీనిండ ముల్లులుండెడివి. మార్చుట ఆనాడు ఆచారము. వజ్రము వచ్చినపిదప, వజ్రము అరుగదను భ్రమ కూడ వచ్చినది.

పొదుపరియగు గృహస్థుడు ఇట్లనును: ‘‘ముల్లు ఖరీదైనది, ఇంకను పాడుచున్నది, పారవేయుట దుబారా కాదా?’’ వాదము వినుటకు బాగుగనే యున్నది. కాని అరుగుచున్నది అతని ముల్లు, చెడుచున్నది రికార్డు. ముల్లు మరల దొరకును. మల్లికార్జున మన్సూర్ 1992లో లింగైక్యము చెందిరి. వారి పాత రికార్డు గాడి ఒకసారి చెక్కబడినచో దానిని పూడ్చు విద్య లేదు. మితము వేరు, లోభము వేరు. మితము తన భాగమును తగ్గించుకొనును. లోభము ఇతరుల భాగమును తగ్గించును. ఇచట ఆ ఇతరులు ఇంకను పుట్టని శ్రోతలు.

అట్లని యంత్రమంతయు మార్చవలెనా? ముల్లు కదలికను విద్యుత్తుగ మార్చు చిన్న పెట్టెకు కార్ట్రిడ్జి అని పేరు. కొన్నిటిలో ముల్లును కాడతో సహా ఊడబెరికి క్రొత్తది దూర్చవచ్చును. తీగచుట్టయే కదలు జాతిలో కాడ చుట్టకు అంటియుండును గనుక అది సాధ్యము కాదు. 1960లలో జపాను రేడియో సంస్థ ఎన్‌హెచ్‌కే కొరకు రూపొందిన డెనాన్ 103 అట్టిది. కొన అరిగినను చుట్ట, అయస్కాంతము, పెట్టె చెక్కుచెదరవు. నిపుణుడు సూక్ష్మదర్శిని క్రింద పాత రవ్వను తీసి క్రొత్త రవ్వను అతికించును, లేదా కాడనే మార్చును. అపుడది పూర్వపు కార్ట్రిడ్జియేనా యని కొందరు శంకింతురు. శంక నిరాధారము కాదు. రవ్వ రూపము, కాడ లోహము మారినచో ధ్వనియు కొంత మారును. ఐనను ఒక్క రవ్వ కొరకు మంచి చుట్టను చెత్తలో వేయుట తగదు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా లక్కమ్మ తిరిగి పంపిన కథ శరణుల ఇండ్ల తెలియనిది కాదు. రవ్వ చాలినచోట యంత్రమును కోరుటయు మించిన బియ్యమే.

బాగుచేయువాని కాయకమునకును నియమము కలదు. కాడ మొదట నుండు రబ్బరు ఏండ్లు గడచిన గట్టిపడును. దానిని దాచి కొన మాత్రము మార్చి సొమ్ము పుచ్చుకొనుట కాయకము కాదు. చూచి, ఇంకను అరుగలేదని త్రిప్పి పంపుటయు కాయకమే. తాడు వెలకు మించి వచ్చిన ధనమును నులియ చందయ్య ఒల్లలేదు.

ఈ విచారము యంత్రముతో ఆగదు. శరణుల వచనములు తాటియాకులపై నిలిచి, 1923లో ఫ.గు. హళకట్టిగారి కృషితో ‘వచన శాస్త్ర సార’మై అచ్చునకెక్కినవి. పాల్కురికి సోమనాథుడు బసవేశ్వరుని చరితను తెనుగు ద్విపదలో చెప్పెను. నేడు తెనుగు ఇండ్లలో పిల్లలకు ఆ వాక్కు వినిపించువాడు తండ్రియో, గురువో, ఉపన్యాసకుడో; ఎవరైనను ముల్లే. ముప్పదియేండ్లు అవే నాలుగు వచనములను మరల చదువక చెప్పువాని పలుకునకు చదునులేర్పడును. సభ తలయూచుచునే యుండును, పిల్లలు మాత్రము లేచిపోవుదురు. దోషము పిల్లలదందురు. తన అరుగుదల తన చెవికి వినబడదు గనుకనే సొన్నలిగె సిద్ధరామునంతటి కర్మయోగికి అల్లమప్రభువు ప్రశ్న కావలసివచ్చినది.

ముల్లు విషయమున ఆ ప్రశ్న అడుగుట సులభము. ఎన్ని గంటలు నడచినదో ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. రికార్డును ప్రతిసారి మెత్తని కుంచెతో తుడువవలెను. ఎవరు ఎంత వాడిరో తెలియని పాత యంత్రము దొరికినచో, కళాశాల ప్రయోగశాలలోని సూక్ష్మదర్శిని క్రింద కొనను ఒకమారు చూపించవలెను. ఆ చూపు ముగియువరకు రికార్డు అట్టలోనే యుండుట మేలు.